మాట వినని కర్ర

మా పెరటి వేపచెట్టు పడిపోయింది 2014 అక్టోబరు 12న. విశాఖ వాళ్లకి ఆ తారీఖు చెప్తే చాలు, హుద్‌హుద్ తుఫాను అని వేరే చెప్పక్కర్లేదు. మర్నాడు వీధి వీధంతా కూలిన చెట్లే. నరికి దారి చెయ్యడమే అందరి తొందర. మా చెట్టునీ ముక్కలు చేసి లారీకెక్కిస్తుంటే, మొదలు దగ్గరవి రెండు దుంగలు మాత్రం ఆపేశాను. దేనికని మా ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

మొదటి దుంగని నేనే పాడుచేశాను. తొందరగా ఆరుతుందని డాబా మీద ఎండలో పడేశాను. నెల తిరక్కుండానే నడిమి నుంచి బెరడు దాకా చుక్కల ముగ్గులా పగిలింది. పచ్చికర్రలో తడి కోసిన కొసల్లోంచి ముందు పోతుంది, పక్కల్లోంచి నింపాదిగా పోతుంది. పైగా కర్ర అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. వలయాల వెంబడి ఎక్కువ, నడిమి నుంచి బెరడు వైపుకి దాదాపు అందులో సగం. ఆ తగువు పగులుతో గానీ తీరదు. రెండో దుంగకి బుద్ధిగా రెండు కొసలా కొవ్వొత్తి మైనం పూసి, మెట్ల కింద నీడన, ఇటుకల మీద ఎత్తి పెట్టాను. మూడేళ్లు అలాగే ఉంచాను.

తర్వాత దాన్ని వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకకి తీసుకెళ్లాను. అక్కడి లక్కబొమ్మలకి వాడేది అంకుడు కర్ర. తెల్లగా, మెత్తగా ఉంటుంది. తరిణె మీద తిరుగుతున్న బొమ్మకి లక్క ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుస్తుంది. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

నా దుంగని ఓ పెద్దాయన అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది మా కర్ర కాదు బాబూ. అంకుడైతే మన మాట వింటాది. దీని మాట మనం వినాల."

నేను పూలకూజా చెయ్యమన్నాను. ఆయన ముందు దుంగని నిలువునా చీల్చి, నడిమి భాగం తీసి పారేశాడు. పగులు పుట్టేది అక్కడేనట. తరిణెకెక్కించాక తెల్లటి అంచు కింద ఎర్రటి చేవ బయటపడింది. నాలుగు అంగుళాలు వెళ్లేసరికి లోపల ముడి, దాని పక్కనే సన్నటి నెర్రె. ఉలి ఆపాడు. "కూజా అవదు. కుంకం భరిణె అవుతాది."

ఏం చెయ్యాలో అనుకున్నాకే ఎవరైనా చెట్టు నరుకుతారు. పడిపోయిన చెట్టు దగ్గర ఆ వరస తిరగబడుతుంది. కర్ర ముందు, ఆలోచన తర్వాత. వారం వారం శీర్షిక ముందు పెట్టుకుని రాసే నాకు ఆ మాట కాస్త గుచ్చుకుంది.

నెర్రెని ఆయన దాచలేదు. ఎర్ర లక్క నింపి వదిలేశాడు. ఇంకే రంగూ వెయ్యలేదు.

ఆ భరిణె ఇప్పుడు మా దేవుడి గూట్లో ఉంది. వేసవిలో మూత చిటికెలో వస్తుంది. గాలిలో తేమ పెరిగితే ఉబ్బి బిగుసుకుంటుంది. నిన్న పొద్దున్న దీపం పెడుతూ మా ఆవిడ అంది: "మూత రావట్లేదు, మేడ మీద బట్టలు తీసెయ్యండి."