రెండు పోగుల చిక్కు: ఒక పాఠముపై విమర్శ

ఎన్‌.సి.ఇ.ఆర్‌.టి. వారి పన్నెండవ తరగతి జీవశాస్త్ర పుస్తకములో, పొగాకు వేళ్ళపై బుడిపెలు పుట్టించు నులిపురుగును ఆర్‌.ఎన్‌.ఏ. సాయముతో అరికట్టిన ఉదంతము కలదు. ఉదాహరణ మంచిది. గుంటూరు, ప్రకాశం, గోదావరి జిల్లాల పిల్లలకు పొగాకు పరాయి మొక్క కాదు. చిక్కంతయు వివరణములో నున్నది.

రెండు పోగుల ఆర్‌.ఎన్‌.ఏ. తానే పోయి సందేశవాహక ఆర్‌.ఎన్‌.ఏ.ను అంటుకొని, ప్రోటీను తయారుకానీయదని ఆ పాఠము భావము. అంబర్‌పేటలో ఈ పాఠము నడుచుచుండగా ఒక విద్యార్థిని లేచి, “రెండు పోగులూ ఒకదాన్నొకటి పట్టుకొనే ఉన్నాయి కదా సార్, మరి మూడోదాన్ని ఎట్లా పట్టుకుంటాయి?” అని అడిగెను. ప్రశ్న చక్కనిది. పాఠమున దానికి సమాధానము లేదు.

మొక్కలో జరుగునది వేరు. కొన్ని జన్యువుల నుండి, ప్రోటీనుగా మారని పొడవైన ఆర్‌.ఎన్‌.ఏ. పోగు తయారగును. అది తనపైనే మడతబడి తలపిన్ను ఆకారము దాల్చును. డైసర్‌ కుటుంబపు ఎంజైము ఒకటి కేంద్రకములోనే దానిని రెండుమార్లు కత్తిరింపగా, సుమారు 21 న్యూక్లియోటైడుల జంటముక్క మిగులును. (జంతువులలో ఈ రెండు కోతలకు ఇద్దరు పనివారు, ఒకడు కేంద్రకములో, ఒకడు వెలుపల.) ముక్క త్వరగా చెడిపోకుండ మొక్క దాని కొనలకు మిథైల్‌ సమూహమును తగిలించును. పిమ్మట ఆర్గోనాట్‌ అను ప్రోటీను ఒక పోగును ఉంచుకొని రెండవదానిని విడిచివేయును. ఆ ఒంటిపోగు తనకు జతకుదురు సందేశమును పట్టుకొనును. ఆర్గోనాట్‌ దానిని తెగగొట్టును. విద్యార్థినికి చెప్పవలసిన జవాబు ఇదియే. ఆకు పైభాగము, అడుగుభాగము వేరువేరుగా ఏర్పడుటలోను, భాస్వరము చాలని నేలలో మొక్క సర్దుకొనుటలోను ఇట్టి చిన్న ముక్కలకు పాత్ర కలదు.

ఇది కణరక్షణకు ఉపకరించునని పాఠము చెప్పుట మెచ్చదగినదే. వైరసు రెండు పోగుల ఆర్‌.ఎన్‌.ఏ.ను కూడ మొక్క ఇట్లే తునకలు చేయును. 2000లో అనంతపురము జిల్లా వేరుశనగను నాశనము చేసిన కాండపు కుళ్ళు తెగులు ఆర్‌.ఎన్‌.ఏ. వైరసు వలన వచ్చినదే. కత్తెర చేతనుండియు మొక్క ఏల ఓడిపోవును? పలు వైరసులు ఆ కత్తిరింపు పనిని చెడగొట్టు ప్రోటీనులను తెచ్చుకొనును. తరగతిలో ఎంత రసవత్తరమైన చర్చ! అన్ని నిజకేంద్రక జీవులందును ఈ పద్ధతి కలదనుట మాత్రము పొరపాటు. రొట్టెపిండిని పొంగించు ఈస్టులో డైసరును లేదు, ఆర్గోనాటును లేదు.

ఇంకొక వెలితి. 1990లో పెట్యూనియా పూల రంగు ముదురుచేయ నెంచి అదనపు జన్యువును చొప్పింపగా కొన్ని పూలు తెల్లబడెను. 1999లో హామిల్టన్‌, బోల్‌కూమ్‌ అను శాస్త్రజ్ఞులు మొక్కలలో ఈ చిన్న ముక్కలను కనుగొనిరి. ఈ కథకు పాఠమున చోటు దక్కలేదు. పునర్ముద్రణ వరకు ఆగనక్కరలేదు. ఉపాధ్యాయుడు నల్లబల్లపై ఒక తలపిన్ను గీసి, రెండు చోట్ల చెరిపి చూపిన చాలును.