స్వర్గం తలుపు ఎవరు వేశారు?

అమీర్‌పేట హాస్టళ్లలో 'త్రీ షేరింగ్' అంటే మూడు మంచాలు, మూడు ఊళ్లు, చాలాసార్లు ముగ్గురు దేవుళ్లు. జావా నేర్చుకోవడానికి వచ్చిన గుంటూరు కుర్రాడు ఆదివారం పొద్దున్నే బైబిలు చంకన పెట్టుకుని బయల్దేరతాడు. పక్క మంచం వాడు గురువారం సాయంత్రం పంజాగుట్ట ద్వారకాపురి కాలనీ సాయిబాబా గుడి దగ్గర క్యూలో ఉంటాడు. మూడోవాడు దేవుడే లేడంటాడు, కానీ ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణానికి ఊరి నుంచి వాళ్లమ్మ వస్తే నోరెత్తకుండా వెంట నడుస్తాడు. పగలంతా ఎవరి కోచింగు వాళ్లది. రాత్రి పదకొండు దాటాక, ఎవరింటి నుంచో ఓ చావు కబురు వచ్చిన రోజున, మాట మొదలవుతుంది.

"పోయాక ఏముంటదిరా మామా?"

"ఏముంటది? ఏమీ ఉండదు."

"ఏమీ లేనప్పుడు మీ తాత తద్దినానికి ఊరెందుకెళ్లావురా?"

పీటర్ క్రీఫ్ట్ సరిగ్గా ఇలాంటి గదినే పరలోకం అంచున కట్టాడు. ఆయన బోస్టన్ కాలేజీలో తత్వశాస్త్రం బోధించినవాడు, కేథలిక్. పుస్తకం పేరు 'బిట్వీన్ హెవెన్ అండ్ హెల్', 1982లో వచ్చింది. ఆ గదిలోకి ఆయన పిలిచిన ముగ్గురూ నిజం మనుషులే, ముగ్గురూ ఒకే రోజున పోయినవాళ్లే. 1963 నవంబరు 22న ఆక్స్‌ఫర్డ్‌లో తన ఇంట్లో రచయిత సి.ఎస్. లూయిస్ కన్నుమూశాడు. కాసేపటికి డాలస్‌లో అధ్యక్షుడు జాన్ కెనెడీ మీద కాల్పులు జరిగాయి. అదే రోజు లాస్ ఏంజెలిస్‌లో రచయిత ఆల్డస్ హక్స్‌లీ పోయాడు. క్యాన్సరుతో మాట పడిపోయిన స్థితిలో కాగితం మీద రాసి మరీ అడిగి, ఎల్‌ఎస్‌డీ ఇంజెక్షను వేయించుకుని వెళ్లిపోయాడాయన. కెనెడీ వార్త ముందు మిగతా రెండు చావులు పత్రికల్లో దాదాపు కనబడకుండా పోయాయి.

ముగ్గురినీ క్రీఫ్ట్ మాటల్లోకి దింపాడు. లూయిస్‌ది పాత సంప్రదాయ క్రైస్తవం. కెనెడీ పుట్టుకతో కేథలిక్కే అయినా ఇక్కడ ఆధునిక మానవతావాదం తరఫున మాట్లాడతాడు: యేసు మంచి మనిషి, గొప్ప బోధకుడు, అంతవరకే. హక్స్‌లీకి యేసు ఒక జ్ఞాని, ఒక గురువు. అన్ని మతాల లోపలా పారేది ఒకే నీరు. వాదమంతా యేసు ఎవరన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

వాదన కోసమే అయితే వాళ్లను బతికుండగానే ఓ టీ టేబుల్ దగ్గర కూర్చోబెట్టొచ్చు కదా, చంపడం ఎందుకు? ఈ రకం కల్పనకు ఆయువుపట్టు అక్కడే ఉంది. బతికున్నవాడికి వాదన మధ్యలో ఫోన్ వస్తుంది, బస్సు వేళవుతుంది, మాట తప్పించుకోవడానికి వంద దారులుంటాయి. చచ్చినవాడికి ఇంకెక్కడికీ పోయేది లేదు. పైగా పదవి, పేరు, పలుకుబడి అన్నీ అవతలే ఉండిపోతాయి. కెనెడీ ఇక్కడ అధ్యక్షుడు కాడు, తన నమ్మకానికి తానే జవాబు చెప్పుకోవాల్సిన మామూలు మనిషి. ఇంకో సంగతి: ముగ్గురి అభిప్రాయాల్లో ఏది నిజమో వాళ్లకు ఇంకాసేపట్లో తెలిసిపోతుంది. పరీక్ష రాసి బయటికొచ్చి, 'కీ' ఇంకా విడుదల కాని ఆ గంటలో ఉండే ఉత్కంఠ ఇది.

అయితే ఈ పుస్తకం మీద నాకో ఫిర్యాదుంది. క్రీఫ్ట్ మనసు మొదటి నుంచీ లూయిస్ వైపే. కెనెడీ మధ్యమధ్య గట్టిగానే తగులుకుంటాడు గాని, హక్స్‌లీ వంతు వచ్చేసరికి తూర్పుదేశాల ఆలోచన మరీ మెత్తబడిపోతుంది. అద్వైతం అమ్మమ్మ మాటల్లో విని పెరిగిన తెలుగు పాఠకుడు "ఇక్కడ హక్స్‌లీ ఇలా అనొచ్చు కదా" అని పేజీ పేజీకీ అనుకుంటాడు. అసలు మనిషి అంత తేలిగ్గా తగ్గే రకం కాదు. 1945లో 'పెరెన్నియల్ ఫిలాసఫీ' రాసినవాడు, కాలిఫోర్నియాలో వేదాంత సొసైటీ స్వామి ప్రభవానందతో సావాసం చేసినవాడు. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తికి స్నేహితుడు, 1954లో వచ్చిన ఆయన 'ఫస్ట్ అండ్ లాస్ట్ ఫ్రీడం'కు ముందుమాట రాశాడు. ఆ గదిలో నాలుగో మంచం వేసి కృష్ణమూర్తిని కూర్చోబెడితే కథ ఎటు తిరిగేదోనని నాకో దురాశ. తన కోసమే పెట్టిన మతసంఘాన్ని 1929లో తానే రద్దు చేసినవాడాయన, ముగ్గురిలో ఎవరి పక్షమూ చేరేవాడు కాదు. పుస్తకం వచ్చేనాటికి ఆయన ఇంకా బతికే ఉన్నాడనుకోండి, 1986 దాకా. క్రీఫ్ట్‌ను ఆ మాట అడగలేం.

క్రీఫ్ట్‌కు దారి చూపింది లూయిస్ సొంత కథలే అనిపిస్తుంది. 1945 నాటి 'ద గ్రేట్ డివోర్స్' నా లెక్కలో ఈ తరహా రచనలన్నిటికీ మిన్న. ఎప్పుడూ ముసురు పట్టి ఉండే ఒక బూడిదరంగు ఊళ్లో బస్టాపు. క్యూలో నిలబడ్డవాళ్లు ఒకరినొకరు తిట్టుకుంటూ ఉంటారు. ఆ బస్సు స్వర్గానికి వెళ్తుంది. ఎక్కొచ్చు, దిగొచ్చు, నచ్చితే అక్కడే ఉండిపోవచ్చు. దిగాక అసలు చమత్కారం మొదలవుతుంది. స్వర్గమనగానే మనకు తట్టేవి వెలుగు, మేఘాలు, బంగారం. లూయిస్ అవన్నీ పక్కనపెట్టి బరువును పట్టుకున్నాడు. అక్కడి గడ్డి వజ్రంలా గట్టిది, వచ్చినవాళ్ల పాదాల కింద వంగదు, గుచ్చుకుంటుంది. కథ చెప్పేవాడు చిన్న పువ్వొకటి కోయబోతే చేతి చర్మం ఊడొస్తుందే తప్ప తొడిమ కదలదు. నిజం అక్కడిది, వీళ్లే గాజులా పారదర్శకంగా, నీడల్లా ఉన్నారు. వంగని పదార్థమన్న ఊహ ఒక అమెరికన్ సైన్స్ కథలోదని, ఆ రచయిత పేరు మర్చిపోయానని లూయిస్ ముందుమాటలో ఒప్పుకున్నాడు కూడా. డాంటేకు వర్జిల్ దారి చూపినట్టు ఇందులో స్కాట్లండు రచయిత జార్జ్ మెక్‌డొనాల్డ్ తోడు నడుస్తాడు.

వచ్చినవాళ్లలో ఒక బిషప్పు ఉన్నాడు. అక్కడున్న పాత మిత్రుడు, "ఇక్కడే ఉండిపో, దేవుణ్ణి కళ్లారా చూస్తావు" అంటాడు. బిషప్పుకు అది పెద్దగా రుచించదు. కింద నరకంలో ఆయనకో చిన్న థియాలజీ సొసైటీ ఉంది, అక్కడ ఒక పేపరు చదవాల్సి ఉంది. అది గుర్తొచ్చి వెనక్కి తిరిగి వెళ్లిపోతాడు. దేవుడి గురించి చర్చించడం మరిగినవాడికి దేవుడు ఎదురైతే ఇబ్బందే మరి. క్రైస్తవ రచయిత తన సొంత గూటినే ఇంత పదునుగా ఎగతాళి చేయడం చూస్తే, తక్కినవాళ్ల మీద చేసిన విమర్శ కూడా నమ్మబుద్ధేస్తుంది.

మనకూ పరలోక కథల కరువేమీ లేదు. పంజాగుట్ట పక్కనే సారథి స్టూడియో ఉండగా తెలుగువాడికి యమలోకం సెట్టు గురించి వేరే చెప్పాలా? దేవాంతకుడు (1960), యమగోల (1977), యముడికి మొగుడు (1988), యమలీల (1994). అన్నిట్లోనూ యమలోకం ఒక ఆఫీసు: చిట్టాలు, గుమాస్తాలు, పొరపాట్లు. యమగోలలో ఎన్టీఆర్ యమభటుల చేత సమ్మె చేయిస్తాడు. యముడికి మొగుడులో వేళ కాకముందే మనిషిని పట్టుకొచ్చేస్తారు. యమలీలలో ఏకంగా యముడి పుస్తకమే భూమ్మీద పడిపోతుంది. తప్పెప్పుడూ పైవాళ్ల లెక్కలోనే. లూయిస్ స్వర్గంలో గుమాస్తా లేడు, చిట్టా లేదు, తలుపు బార్లా తీసే ఉంటుంది. మనిషే వెనక్కి తిరిగి బస్సెక్కుతాడు. రెండు నమ్మకాల మధ్య తేడా ఏ వాదనా లేకుండా ఈ కథాసంవిధానంలోనే బయటపడుతుంది.

తెలుగు క్రైస్తవంలో కీర్తన బలంగా ఉంది. కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి నుంచి లెక్కపెట్టినా దాదాపు రెండు వందల ఏళ్ల ఆస్తి. సాక్ష్యం చెప్పే సంప్రదాయం కూడా ప్రతి సంఘంలోనూ బతికే ఉంది. కథే పలచన. సాక్ష్యంలోనూ రెండు నమ్మకాలు ఢీకొంటాయి గాని, అక్కడ ఎదుటి పక్షం చెప్పేవాడి పాత మనిషే. "అప్పట్లో నేను తాగుబోతును, దేవుణ్ణి దూషించాను" అని రెండు ముక్కల్లో వాణ్ణి పక్కకు నెట్టేస్తారు. ఆ పాత మనిషికి కూడా ఓ వాదన ఉండేదని, దానికీ ఓ బలం ఉండేదని చెప్పే తీరిక సాక్ష్యానికి ఉండదు.

ఎదుటి పక్షాన్ని దాని లోపలి నుంచి పలికించే ఈ పని చేసి చూపించినవాడు కవి జాషువ. ఆయన క్రైస్తవుడు, 1895లో వినుకొండలో పుట్టాడు. కులం పేరుతో పడ్డ అవమానాలను మతం అడ్డుపడి ఆపలేదు. 1941లో 'గబ్బిలం' రాశాడు. కాళిదాసు యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురంపితే, జాషువ కథానాయకుడైన అరుంధతీయుడు కాశీ విశ్వనాథుడికి గబ్బిలంతో కబురంపుతాడు. ఆ ప్రాణిని ఎంచుకోవడంలోనే ఉంది అంతా. గుడి గడప తొక్కడానికి అతనికి హక్కు లేదు. ఇంట్లోకి వస్తే అశుభమని జనం తరిమే గబ్బిలం మాత్రం గర్భగుడి పైకప్పుకు తలకిందులుగా వేలాడుతూ, పూజారి లేని వేళ దేవుడి చెవికి అందేంత దగ్గరగా ఉంటుంది.

దీన్ని క్రైస్తవ రచన అనొచ్చా అని సందేహపడేవాళ్లుంటారు. పుస్తకంలో మొర వినాల్సినవాడు శివుడే. నేను మాత్రం క్రీఫ్ట్ పుస్తకం కంటే ఇదే పెద్ద సాహసమంటాను. క్రీఫ్ట్ ఎదుటివాళ్లను తన గదికి పిలిపించుకున్నాడు. జాషువ ఎదుటివాడి ఇంటికి, ఎదుటివాడి దేవుడి దగ్గరికి, ఎదుటివాడి పద్యంతోనే వెళ్లాడు. కైలాసం ఉందా లేదా అన్న వాదం పెట్టుకోలేదు, ఉందనే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక, ఇంత కరుణామయుడి గుడి ముందు నన్నెవరు ఆపుతున్నారని అడిగాడు. పిరదౌసి అనే పారశీక ముస్లిం కవి బాధను 1932లోనే కావ్యం చేసిన చెయ్యి కదా అది, పరాయి విశ్వాసంలోకి లోపలి నుంచి వెళ్లడం దానికి అలవాటే.

యమలోకం సినిమాల్లో తలుపు గుమాస్తా పొరపాటున పడుతుంది, లూయిస్ కథలో ఎవరి తలుపు వాళ్లే వేసుకుంటారు. గబ్బిలంలో తలుపు వేసినవాళ్లు ఇక్కడే, మన వీధిలోనే ఉన్నారు. అందుకే అది చదివినవాడికి స్వర్గం కంటే ముందు గుడి మెట్లు గుర్తొస్తాయి. యేసు జీవితాన్ని నేరుగా పద్యాల్లో చెప్పిన 'క్రీస్తు చరిత్ర'కు జాషువకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. జనం నోట ఎక్కువగా నలిగింది మాత్రం, యేసు పేరు మీద కాకుండా శివుడి పేరు మీద రాసిన ఆ మొరే.