ఆఖరి సెంటీమీటరు పనితనం

కర్నూలు వైద్య కళాశాల 1950ల్లో మొదలైంది. అక్కడ ఎంబీబీఎస్ చదివినవాళ్లలో నోరి దత్తాత్రేయుడు ఒకరు. పుట్టింది కృష్ణా జిల్లా మంటాడలో, వైద్యం నేర్చింది తుంగభద్ర ఒడ్డున. ఉస్మానియాలో పీజీ చేసి, న్యూయార్క్ వెళ్లి, మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆస్పత్రిలో బ్రాకీథెరపీ విభాగానికి అధిపతి అయ్యారు. 2015లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఆయన దగ్గర వైద్యం చేయించుకున్న ప్రముఖుల పేర్ల దగ్గరే ఆగిపోతారు. ఆయన జీవితమంతా చేసిన పనిని దగ్గరగా చూడడం నాకు ఇష్టం. రేడియేషన్‌ను బయటి నుంచి పంపడం కాకుండా, దాని మూలాన్నే గడ్డ లోపలికి తీసుకెళ్లి పెట్టే పని, అంటే బ్రాకీథెరపీ, అది.

ఆ పనిలోని నేర్పు తెలియాలంటే క్యాన్సర్ ఎలా పాకుతుందో ముందు చూడాలి. గర్భాశయ ముఖద్వారాన్నే తీసుకుందాం. మన దేశంలో ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ తర్వాత ఎక్కువగా వచ్చేది ఇక్కడే. ముఖద్వారం పైపొరలో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, వాటి కింద పలచని ఆధారపొర ఉంటుంది. హెచ్‌పీవీ వైరస్ వల్ల దారితప్పిన కణాలు చాలామందిలో పదేళ్లకు పైగా ఆ పొర దాటకుండానే ఉంటాయి. దాటే రోజు వస్తే మాత్రం పక్క కణాలతో ఉన్న పట్టు వదిలేస్తాయి, ఆధారపొరను కరిగించే ఎంజైములను వాడుకుని లోపలికి దిగుతాయి.

అక్కడి నుంచి వాటికి మూడు దారులు. గర్భాశయానికి రెండు పక్కలా ఉన్న మెత్తటి కణజాలం మీదుగా కటి గోడ వైపు పాకడం ఒకటి. లింఫ్ నాళాల్లో పడి కటిలోని గ్రంథులకు, అక్కడి నుంచి నడుము పైకి బృహద్ధమని పక్కనున్న గ్రంథులకు ఎక్కడం రెండోది. రక్తంలో కలిసి ఊపిరితిత్తులకో కాలేయానికో చేరడం మూడోది. ఈ మూడో దారి ఆ కణాలకూ సులువు కాదు. రక్తప్రవాహపు ఒరిపిడి, రోగనిరోధక కణాల దాడి తట్టుకుని కొత్తచోట గడ్డ కట్టగలిగేవి బహు కొద్ది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో పదివేల కణాలకు ఒక్కటి కూడా నిలవలేదు. అందుకే ఈ జబ్బు చాలాకాలం కటి లోపలే ఉంటుంది. అక్కడ ఉండగానే పట్టుకుంటే పూర్తిగా నయం చేసే అవకాశం ఉంటుంది.

బయటి నుంచి రేడియేషన్ పెట్టడాన్ని మనవాళ్లు ‘కరెంటు పెట్టడం’ అంటారు. దాదాపు ఐదు వారాలు పెడితే గ్రంథుల్లోని చిన్నచిన్న చేరికలు చస్తాయి. అసలు గడ్డకు ఆ మోతాదు చాలదు. పెంచుదామంటే ముందు మూత్రాశయం, వెనక పురీషనాళం. మధ్యలో ఎడం సెంటీమీటర్ల లెక్కే. బ్రాకీథెరపీకి చోటు ఇక్కడ. పొయ్యికి ఆనుకుని కూర్చున్నవాళ్లకు ఒళ్లు కాలుతుంది, కాస్త జరిగితే వెచ్చదనమే తగులుతుంది. చిన్న రేడియేషన్ మూలం అంతకంటే కచ్చితం: దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతు, మూడు రెట్లైతే తొమ్మిదో వంతు. గడ్డను కాల్చి పక్క అవయవాన్ని కాపాడేది ఈ లెక్కే. మూలం కాస్త జరిగినా కీడు చేసేదీ ఇదే లెక్క.

పని చూడండి. సన్నటి వంపు గొట్టం ఒకటి గర్భాశయంలోకి పోతుంది. ముఖద్వారానికి చెరో పక్క కోడిగుడ్డు ఆకారపు బిళ్ల ఒక్కొక్కటి అమరుతుంది. గొట్టం నడిమధ్యనే ఉండాలి, బిళ్లలు సమంగా ఉండాలి. ఆపైన డాక్టరు గాజుగుడ్డను కొంచెం కొంచెంగా లోపల కూరుతూ మూత్రాశయాన్ని ముందుకు, పురీషనాళాన్ని వెనక్కి నెడతారు. ఈ కూరడంలోనే అనుభవం కనిపిస్తుంది. అక్కడ గెలిచిన అర సెంటీమీటరుకు ఏ యంత్రం విలువా సాటిరాదని నా అభిప్రాయం. తర్వాత స్కాన్ తీసి, మూలం గొట్టంలో ఏయే చోట ఎన్ని సెకన్లు ఆగాలో లెక్క కడతారు. తీగ చివర అతికించిన ఇరిడియం ముక్క, కొన్ని మిల్లీమీటర్లది, ఆ లెక్క ప్రకారం ఒక్కో చోట ఆగి, వెనక్కి తిరిగి పెట్టెలోకి పోతుంది.

మూలంగా రేడియం వాడిన రోజుల్లో ఇంత తీరిక లేదు. మూలాన్ని డాక్టరే స్వయంగా చేత్తో అమర్చాల్సి వచ్చేది కాబట్టి క్షణం ఆలస్యమైతే డాక్టరుకూ నర్సుకూ దెబ్బే. మెమోరియల్‌లోనే పనిచేసిన ఉల్రిక్ హెన్ష్కే ముందు ఖాళీ గొట్టాలు అమర్చి, రేడియేషన్ మూలాన్ని తర్వాత పంపే పద్ధతిని నిలబెట్టాడు. మూలం లోపల లేనప్పుడు చేతికి తొందర ఉండదు. సరిగ్గా రాకపోతే తీసి మళ్లీ పెట్టొచ్చు. బ్రాకీథెరపీ నిజంగా పనితనంగా మారింది అప్పుడేనని అనుకుంటాను. అదే ఆస్పత్రిలో పనిచేసిన బాసిల్ హిలారిస్ దగ్గర నోరి అందిపుచ్చుకున్నది ఆ సంప్రదాయాన్నే. హిలారిస్, నోరి, వాళ్ల సహోద్యోగి ఆండర్సన్ కలిసి రాసిన బ్రాకీథెరపీ అట్లాస్ 1988లో వచ్చింది. మనిషి చేతిలో ఉండిపోయే విద్యను మరో చేతికి అందేలా పుస్తకంలోకి దించడం, నా లెక్కలో, ఏ బిరుదుకూ తీసిపోదు. గర్భాశయ లోపొర క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత జబ్బు తిరిగి రావడానికి ఎక్కువ వీలున్న యోని పైభాగానికి ఈ చికిత్స ఇవ్వడం మీద కూడా ఆయన పనిచేశారు.

పాత పద్ధతిలో మనిషి రెండు మూడు రోజులు కదలకుండా పడుకోవాలి. ఎక్కువ తీవ్రత ఉన్న ఇరిడియంతో ఒక్కో విడతకు అసలు చికిత్స నిమిషాల్లో అయిపోతుంది, అలాంటి విడతలు రెండు నుంచి ఐదు దాకా ఉంటాయి. ఆలూరు, పత్తికొండ వైపు నుంచి సుగ్గికి, అంటే కోతల కాలపు వలసకు, గుంటూరు పోయి పత్తి, మిరప ఏరే ఆడమనిషికి ఈ తేడా ఏ పాటిదో చెప్పక్కర్లేదు. బిడ్డలను ఎవరి దగ్గరో వదిలి, కూలి పోగొట్టుకుని, పక్కన తోడుగా ఇంకో మనిషి కూలీ పోగొట్టి, హైదరాబాదుకో వేలూరుకో పోవడం ఇక్కడివాళ్లకు కొత్త కాదు.

గడువు కూడా ఉంది. బయటి కరెంటు, లోపలి చికిత్స కలిపి ఎనిమిది వారాల్లో ముగియాలి. ఆలస్యమైతే బతికిన కణాలు మళ్లీ పెరిగి, చేసిన పనిని వెనక్కి లాగుతాయి. బయటి కరెంటు అయ్యాక నొప్పి, రక్తస్రావం తగ్గుతాయి కాబట్టి నయమైపోయిందనుకుని ఇంటికి వెళ్లిపోయేవాళ్లుంటారు. అప్పటికి గడ్డ నడిభాగం ఇంకా బతికే ఉంటుంది. కర్నూలు వైద్య కళాశాల ప్రాంగణంలోనే స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ రావడం నాకు పెద్ద సంగతిగా కనిపించేది ఇందుకే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి క్యాన్సర్ వైద్యంలో నోరి సలహాదారుగా నియమితులవడం కూడా సంతోషమే. అయితే కర్నూలులోనైనా కడపలోనైనా ఇంట్లోవాళ్లు మొదటి రోజే డాక్టరును అడగాల్సిన మాట ఒకటుంది: బయటి కరెంటు అయ్యాక లోపలి చికిత్స ఏ ఊళ్లో, ఏ తేదీన?