హెగెల్‌తో మనవాళ్ల వాదం

పొదిలి చుట్టుపక్కల పత్తి చేలల్లో గూడ, అంటే మొగ్గ, పూతవుతుంది, పూత కాయవుతుంది, కాయ పగిలి దూది బయటపడుతుంది. పూత విచ్చాక ఆ మొగ్గ కనిపించదు, కాయ పడ్డాక పూత ఉండదు. ఒకదాన్ని తోసేసి ఇంకొకటి వచ్చినట్టే ఉంటుంది. కానీ మొక్క ఒక్కటే, ఎదుగుదల ఒక్కటే. జర్మన్ తాత్వికుడు హెగెల్ 1807లో అచ్చయిన తన మొదటి పెద్ద గ్రంథం ముందుమాటలో మొగ్గ, పువ్వు, పండు ఉదాహరణతోనే సత్యం ఎలా ఎదుగుతుందో వివరించాడు. కొత్త సిద్ధాంతం పాతదాన్ని ఖండిస్తుంది. ఖండనకు గురైంది మాత్రం వృథాగా పోదు, కొత్తదానిలో భాగమై నిలుస్తుంది. మార్క్సిస్టు సాహిత్యం ద్వారా మనకు పరిచయమైన గతితర్కానికి మూలం ఇక్కడుంది.

హెగెల్ నడిచిన జర్మన్ భావవాదానికి దారి వేసినవాడు కాంట్. దేశం, కాలం, కార్యకారణ సంబంధం మనం బయటి నుంచి ఏరుకొచ్చినవి కావనీ, అనుభవానికి మన మనసే వేసే చట్రాలనీ 1781లో వాదించాడు. ఆ చట్రాలకు అవతల వస్తువు అసలు ఎలా ఉంటుందో తెలుసుకోలేమన్నాడు. అక్కడే ఆగిపోవడం తరవాతివాళ్లకు నచ్చలేదు. ఫిక్టే ‘నేను’ అనే చైతన్య క్రియ నుంచి లోకాన్ని వివరించబోయాడు. షెల్లింగ్ ప్రకృతికీ మనసుకూ మూలం ఒకటేనన్నాడు. ట్యూబింగెన్‌లో షెల్లింగ్‌తో కలిసి చదువుకున్న హెగెల్, మానవ చరిత్రనంతా చైతన్యం తనను తాను తెలుసుకునే ప్రయాణంగా చూశాడు.

ఆ ప్రయాణంలో భారతదేశానికి ఆయన ఇచ్చిన చోటు చిన్నది. భగవద్గీత మీద జర్మన్ భాషావేత్త హంబోల్ట్ చేసిన ప్రసంగాన్ని 1827లో విస్తారంగా సమీక్షించి కూడా, మన చింతన తొలి మెట్ల దగ్గరే నిలిచిందన్న అభిప్రాయాన్ని మార్చుకోలేదు.

విశాఖపట్నంలోని వాల్తేరులో భావవాదం మరో మలుపు తిరిగింది. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్, భావవాద దృష్టితో జీవితాన్ని పరిశీలించిన తన ఉపన్యాసాలను 1932లో పుస్తకంగా తెచ్చారు. తర్కంతో పాటు సహజావబోధ కూడా జ్ఞానమార్గమేనని అందులో నిలబెట్టారు. అక్కడే తత్వశాస్త్రం బోధించిన పి.టి. రాజు 1937లో హెగెల్ సిద్ధాంతాన్నీ అద్వైతాన్నీ పక్కపక్కన పెట్టి పూర్తి గ్రంథమే రాశారు.

రాజు పద్ధతి చూడదగ్గది. ‘ఇవన్నీ మన వేదాల్లో ఎప్పుడో ఉన్నాయి’ అని ఆయన తేల్చేయలేదు. హెగెల్ పరతత్వం ఆలోచన ద్వారా పూర్ణమవుతుంది. శంకరుల బ్రహ్మం ఆలోచనకు, తెలుసుకునేవాడు-తెలియబడేది అన్న భేదానికి అందదు. రెండూ అద్వితీయ సత్యాన్నే చెబుతున్నా, ఆలోచనకు ఇచ్చే స్థానం దగ్గర విడిపోతాయి. పోలిక ఎక్కడిదాకా సాగుతుందో, ఎక్కడ తెగుతుందో చూపించడమే ఆ గ్రంథం బలం.

ఆ నిక్కచ్చితనాన్ని సొంత సంప్రదాయం మీదా చూపించినవారు కొత్త సచ్చిదానందమూర్తి. 1924లో గుంటూరు జిల్లా సంగం జాగర్లమూడిలో పుట్టిన ఆయన, అద్వైతం శ్రుతి మీద ఎంత, యుక్తి మీద ఎంత ఆధారపడిందో 1959 నాటి గ్రంథంలో నిలదీసి పరీక్షించారు.

జర్మన్ భావవాదం మనకెందుకని అడిగేవారికి ఈ పుస్తకాలే జవాబు. పొదిలి లాంటి ఊళ్ల నుంచి డిగ్రీ చదువులకు వెళ్లే పిల్లల చేతికి అధ్యాపకులు వీటిని అందించాలి. శంకరులనూ హెగెల్‌నూ ఒకే బల్ల మీద పెట్టి చదివించాలి.