అందుబాటులో ఉండి అందని సమాచారం
తెల్లాపూరు దృష్టాంతం

సముద్రతీరాన చేపలు పట్టి బ్రతికేవారు వాతావరణ శాస్త్రం చదువుకున్నవారు కారు. అయినా విశాఖపట్నం రేవులో మూడవ నెంబరు ప్రమాద సూచిక ఎగురవేశారని రేడియోలో వినగానే ఏమి చేయవలెనో వారికి తెలుసు. పడవలు ఒడ్డుకు చేరతాయి. వాయుగుండం ఎంత దూరాన ఉన్నది, గాలి ఎంత వేగంతో వీస్తున్నది అన్న లెక్కలు శాస్త్రజ్ఞుల వద్దనే ఉంటాయి. ఆ లెక్కల సారం మాత్రం ఒక అంకెగా మారి, ఆ అంకె అర్థం తెలుగు మాటగా మారి, వేళ మించకముందే వినవలసినవారి చెవిని పడుతుంది. ప్రభుత్వం సేకరించిన సమాచారం ప్రజలకు అందడమంటే ఇదే. ఇదే కొలబద్దతో, హైదరాబాదు పడమటి అంచున ఉన్న తెల్లాపూరు వాసులకు తమ పరిసరాలను గురించిన సమాచారం ఎంతవరకు అందుతున్నదో చూద్దాం.

తెల్లాపూరు ఒకనాడు మెదకు జిల్లాలోని పల్లెటూరు. 2016లో సంగారెడ్డి జిల్లాలో చేరింది. 2018లో మునిసిపాలిటి అయింది. దక్షిణాన గచ్చిబౌలి ప్రాంతపు కంప్యూటరు సంస్థలు, ఉత్తరాన పటాన్‌చెరు పారిశ్రామికవాడ, నడుమ పొలాల స్థానే లేచిన అంతస్తుల మేడలు. ఇక్కడ కాపురముండే గృహస్థుకు మూడు ప్రశ్నలు సహజంగా కలుగుతాయి. పిల్లలు పీల్చే గాలి ఎట్లా ఉన్నది? చెరువు హద్దు ఎక్కడ? ఎదుట లేస్తున్న కట్టడానికి ఏ షరతులమీద అనుమతి ఇచ్చారు? ఈ మూడింటికీ ప్రభుత్వం వద్ద సమాధానాలున్నవి. అంతేకాదు, అవి ప్రచురితమై ఉన్నవి కూడా. లోపం ఆ ప్రచురణ తీరులోనే ఉన్నది.

గాలి చెప్పే అంకె

2015 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం జాతీయ వాయునాణ్యతా సూచికను ప్రవేశపెట్టింది. ఇది నిస్సందేహంగా మెచ్చుకోదగిన పని. అంతకుముందు ఒక్కొక్క కాలుష్య పదార్థానికి ఒక్కొక్క అంకె ఉండేది. అవి చదువరులకు గందరగోళంగా ఉండేవి. ఇప్పుడు ఎనిమిది పదార్థాలను పరిగణించి, సున్న నుండి 500 వరకు ఒకే అంకె ఇస్తున్నారు. 50 లోపు మంచిది, 100 లోపు సంతృప్తికరం, 200 లోపు ఒక మోస్తరు, ఆ పైన క్రమంగా చెడ్డది. తెల్లాపూరు వారు చూసుకోవడానికి సమీపంలో రామచంద్రాపురంలోను, కేంద్రీయ విశ్వవిద్యాలయంలోను కొలత కేంద్రాలున్నవి.

ఈ అంకె ఎట్లా పుడుతుందో విద్యార్థులు తెలుసుకోవాలి. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒకనాడు ఘనపు మీటరు గాలిలో 2.5 మైక్రానులకు మించని సన్నని కణాలు 75 మైక్రోగ్రాములు, 10 మైక్రానులకు మించని కణాలు 120 మైక్రోగ్రాములు, నైట్రోజన్ డైఆక్సైడు 30 మైక్రోగ్రాములు ఉన్నాయనుకోండి. సూత్రం ప్రకారం వీటి ఉపసూచికలు వరుసగా 150, 113, 38 వరకు వస్తాయి. ఇందులో సగటు తీయరు. అన్నిటికంటె పెద్దదానినే తీసుకుంటారు. కనుక ఆనాటి సూచిక 150.

ఈ పద్ధతిలో తప్పు లేదు. గొలుసు బలం దాని బలహీనమైన లంకెను బట్టే తెలుస్తుంది గదా! కాని 150 అన్న అంకె ఒక్కటే వినిపిస్తే అసలు సంగతి మరుగున పడుతుంది. అంకెను పెంచినది సన్నని కణాలయితే వాహనాల పొగను, చెత్త తగులబెట్టడాన్ని అనుమానించాలి. 10 మైక్రానుల కణాలయితే రోడ్ల దుమ్మును, కట్టడాల దుమ్మును అనుమానించాలి. రోగం పేరు చెప్పక జ్వరం ఎంతో మాత్రమే చెప్పినట్లున్నది ఈ పద్ధతి. ప్రధాన కాలుష్యం ఏదో కేంద్ర మండలి దైనిక నివేదికలో ఉంటుంది. ప్రజల చెవిన పడేది మాత్రం అంకె ఒక్కటే.

మరి రెండు లోపాలున్నవి. ఆ దైనిక నివేదిక నగరంలోని కేంద్రాలన్నిటినీ సగటు చేసి హైదరాబాదంతటికీ ఒకే అంకె ఇస్తుంది. పాశమైలారం పారిశ్రామికవాడ, జంతు ప్రదర్శనశాల ఆ సగటులో కలిసిపోతాయి. రెండవది ఇంకా ముఖ్యం. 2009 నాటి జాతీయ ప్రమాణాలలో పన్నెండు పదార్థాలుండగా, సూచికలోకి ఎనిమిదే వచ్చాయి. బెంజీను వంటివి అందులో లేవు. పైగా ధూళికణాలకు, అనేక వాయువులకు తీసుకునేది 24 గంటల సగటు. రాత్రివేళ ఏదో రసాయనపు ఘాటు వాసన రెండు గంటలపాటు ఊపిరాడనీయకపోయినా, తెల్లవారి సూచిక సంతృప్తికరం అని చెప్పవచ్చు. అప్పుడు పౌరుడు అంకెను నమ్మాలా, తన ముక్కును నమ్మాలా? సూచిక దేనిని కొలవదో కూడా సూచిక ప్రక్కనే వ్రాయకపోతే, అది తెలియజేసే దానికంటె మరుగుపరచేది ఎక్కువ.

చెరువు గీత

తెల్లాపూరులో వనం చెరువు, మేళ్ల చెరువు మొదలైనవి ఉన్నవి. చెరువుకు హద్దు ఎండాకాలంలో కనిపించే నీటి అంచు కాదు. అలుగు పొర్లేవరకు నీరు నిండినపుడు ఎంత మేర ములుగుతుందో ఆ గీతయే హద్దు. దానినే ఎఫ్‌టీఎల్ అంటున్నారు. అలుగు ఎత్తుకు సమానమైన ఎత్తుగల స్థలాలన్నిటినీ కలిపితే ఆ గీత వస్తుంది. భూగోళ పాఠంలోని సమోన్నత రేఖయే ఇది. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఈ హద్దునుండి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు ఖాళీగా విడువవలె.

హైదరాబాదు మహానగర అభివృద్ధి సంస్థ చెరువుల పటాలను తన వెబ్‌సైటులో పెట్టింది. ప్రాథమిక ప్రకటన చేసి, ఆక్షేపణలు విని, తుది ప్రకటన చేసే పద్ధతి కూడా ఉన్నది. ఇదీ మెచ్చుకోదగినదే. అయితే సర్వే నెంబర్లు, గీతలు కలిసిన ఆ పటాన్ని చదవడం అమీనుకో సర్వేయరుకో చేతనవుతుంది గాని, జీవితమంతా కూడబెట్టిన సొమ్ముతో ఇల్లు కొనేవారికి కాదు. ఆక్షేపణ చెప్పే గడువులో పటం అర్థం కాకపోతే ఆ గడువు ఉండి ఏమి లాభం? 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా సంస్థ చెరువులలోని కట్టడాలను కూల్చినపుడు, కొన్ననాడు ఈ గీత సంగతి తమకు తెలియదని ఎందరో మొరపెట్టుకున్నారు. అక్రమ కట్టడాన్ని సమర్థించనక్కరలేదు. కాని గీత కాగితం మీదగాక చెరువు గట్టున రాళ్ళుగా పాతబడి, ప్రక్కన తెలుగు పలక ఒకటి నిలబెట్టి ఉంటే, ఆ మొరలలో కొన్నయినా తప్పేవి, చెరువూ మిగిలేది.

కట్టడాల షరతులు

2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం ఇరవై వేల చదరపు మీటర్లు, అంతకు మించిన కట్టడాలకు పర్యావరణ అనుమతి కావాలి. కర్మాగారానికయితే ముందుగా ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి. భవన నిర్మాణాలను మాత్రం ఈ ప్రజాభిప్రాయ సేకరణ నుండి మినహాయించారు. తెల్లాపూరు వంటిచోట మార్పంతా మేడల రూపంలోనే వస్తున్నది. అంటే, ఎక్కడ అడగవలసిన అవసరం ఎక్కువో అక్కడే అడిగే అవకాశం లేకుండా పోయింది.

కాబట్టి పౌరునికి మిగిలినవి కాగితాలే. ఆ ప్రకటనలోనే మంచి నియమం ఒకటి ఉన్నది: అనుమతి పొందినవారు ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలుపై నివేదిక ఇవ్వాలి, అది బహిరంగ పత్రం, అడిగినవారికి ప్రతి ఇవ్వాలి. మురుగునీటి శుద్ధి, దుమ్ము నివారణ, భూగర్భజలం వాడకం అన్నీ అందులో తేలవలసినవే. కాని ఈ పత్రాలుండే ‘పరివేష్’ వెబ్‌సైటులో సంస్థ పేరో ప్రతిపాదన నెంబరో తెలియనిదే వెదకడం కష్టం. దొరికినా అవి ఇంగ్లీషులో ఉంటాయి.

భాష ఇక్కడ అలంకారం కాదు, హక్కు. 2020లో పర్యావరణ ప్రకటన ముసాయిదా హిందీ, ఇంగ్లీషులలోనే వెలువడినపుడు, దానిని ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలోకి పది రోజులలో అనువదించాలని ఢిల్లీ హైకోర్టు జూన్ 30న ఆదేశించింది. కేంద్రం అనువదించడానికి బదులు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఇక 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగవ సెక్షనులోనే, అడగకముందే ప్రకటించవలసిన సమాచారాన్ని ఖర్చునూ స్థానిక భాషనూ ఆ ప్రాంతంలో పనికివచ్చే పద్ధతినీ గమనించి వ్యాపింపజేయాలని వ్రాసి ఉన్నది. కొత్త చట్టం అక్కరలేదు. ఉన్నదానిని చదివి నడుచుకుంటే చాలు.

ఒక ఆక్షేపణ

అంకెలు బయటపెడితే సామాన్యులు అపార్థం చేసుకుని కంగారుపడతారని కొందరు అంటారు. తుఫాను హెచ్చరికల అనుభవం దీనికి తగిన సమాధానం. అర్థంతోపాటు చెప్పిన అంకె ప్రజలను బెదరగొట్టదు; కాపాడుతుంది. 1984 డిసెంబరులో భోపాలు నగరవాసులకు కర్మాగారంలో ఏ విషవాయువు నిలువ ఉన్నదో, అది వెలువడితే ఏమి చేయాలో తెలియదు. ఆ విపత్తు తరువాత, 1986లో అమెరికా తన కర్మాగారాలు ఏయే విషపదార్థాలను ఎంతెంత వదులుతున్నవో ఏటా ప్రకటించాలని చట్టం చేసింది. మనదేశంలో జరిగిన ఘోరం నుండి పాఠం నేర్చుకోవడానికి మనకు పరాయి దేశం కంటె ఎక్కువ కారణమే ఉన్నది.

చేయవలసినవి పెద్ద పనులు కావు. గాలి అంకె ప్రక్కన దాని కారణాన్ని, కొలవని పదార్థాలను తెలుగులో వ్రాయడం. చెరువు హద్దును నేలమీద చూపడం. ప్రతి పెద్ద కట్టడం వాకిట అనుమతి షరతులను తెలుగు పలకపై పెట్టడం. ఇంతే.

ఈలోగా పాఠశాల ఊరకుండనక్కరలేదు. తొమ్మిదవ తరగతి పిల్లలు రామచంద్రాపురం, విశ్వవిద్యాలయ కేంద్రాల అంకెలను ఒక నెలపాటు రోజూ ఒకే వేళకు నల్లబల్లమీద వ్రాసి, ప్రధాన కాలుష్యాన్ని కూడా గుర్తించి, గ్రాఫు గీయవచ్చు. అంకె రాని రోజు ఆ గడిని ఖాళీగా ఉంచాలి, ఊహించి నింపకూడదు. నెల చివర రెండు వక్రరేఖలు ఎక్కడ విడిపోయినవో చూచి, ఎందుకని ఒక ఉత్తరం కాలుష్య నియంత్రణ మండలికి తెలుగులోనే వ్రాయవచ్చు. దానికి జవాబు కూడా తెలుగులోనే వచ్చిననాడు, తెల్లాపూరుకు సమాచారం అందడం మొదలైనదని చెప్పవచ్చు.