చంద్రగిరి రాజమహల్: అంతస్తులుగా పేర్చిన నీడ

ఎండ సంగతి బెజవాడ వాళ్లకు ఒకరు చెప్పేది కాదు. రోళ్లు పగిలే రోహిణీకార్తెలో, పట్టపగలు, గవర్నర్‌పేటలో ఏలూరు రోడ్డు దాటినవాడికి జానెడు నీడ ఎంత భాగ్యమో తెలుసు. చంద్రగిరి రాజమహల్‌ను చూసి మురిసిపోవడానికి అంతకు మించిన అర్హత అక్కర్లేదు. ఆ మహలు సొగసంతా నీడలోనే ఉంది. రాయినీ ఇటుకనూ సున్నాన్నీ కూడగట్టి, నీడను అంతస్తులు అంతస్తులుగా పేర్చిన కట్టడం అది!

మన స్టేషన్లో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి తిరుపతి. అక్కడినుంచి చంద్రగిరి పట్టుమని పదిహేను కిలోమీటర్లు. ఏడుకొండలవాడి దర్శనానికి ఏటా వెళ్లే ఇళ్లు మన పేటలో ఎన్నో ఉన్నాయి. వాళ్లలో ఎక్కువమంది లడ్డూలు సంచిలో వేసుకుని తిన్నగా తిరుగు రైలు ఎక్కేస్తారు. రాయలు ఏలిన ఊరు అంత చేరువలో ఉండగా చూడకుండా రావడం నా మనసుకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది.

కోటగోడ దాటి లోపలికి నడవండి. వెనక బోడిబండల కొండ, ముందు పచ్చిక, నడుమ మహలు. తొందరపడి దగ్గరికి పోవద్దు. ఆ పచ్చిక అంచునే కాసేపు నిలబడండి. మూడంతస్తుల ముఖం. వరుస మీద వరుస కమానులు. ఒక్కో కమానులో ఒక్కో పాలు చీకటి. కింది వరుసలో చిక్కగా, పైకి వెళ్లేకొద్దీ పలచగా, చిట్టచివర నింగి నీలంలో కలిసిపోతూ! ఆ పైన కోవెల విమానాల పోలికలో శిఖరాలు, నడిమిది అన్నిటికంటే ఎత్తుగా, నిండుగా. సుల్తానుల కొలువుల నుంచి వచ్చిన కమాను కింద ఉంది, మన గుడి మీది శిఖరం పైన ఉంది. ఈ రెండూ ఎక్కడ కలిశాయో చూపించే అతుకు మాత్రం ఎంత వెతికినా దొరకదు. రెండు నాదాలు ఒకే శ్రుతిలో కలిసి పలికినట్టే ఉంటుంది. హంపీలో కమలమహల్ ముందు నిలబడినవాళ్లకు ఈ పలుకుబడి పరిచయమే. అక్కడ అది లాలిత్యం, ఇక్కడ గాంభీర్యం.

ఇక దగ్గరికి రండి. ఒక్క కమాను చాలు, మిగతావి తర్వాత చూడవచ్చు. దాని అంచు వెంట సున్నంతో తీర్చిన తీగ ఒకటి పాకుతూ ఉంటుంది. కొంతమేర నునుపుగా, కొంతమేర చెదిరి, ఒకచోట పూర్తిగా రాలిపోయి, లోపలి ఇటుక ఎర్రగా బయటపడి. రాలిన చోట ఆగి, మళ్లీ అవతల మొదలయ్యే ఆ తీగను కన్ను తనంతట తానే కలుపుకుంటుంది. అరచెయ్యి ఆనించబోయి ఆగండి. పాత సున్నం, చేతి చెమటకు ఓర్వలేదు. చూపుతోనే తడమండి. దంతపు తెలుపు కాదు, పసుపు కాదు, మాగిన వెలగపండు లోపలి రంగుకు దగ్గరగా వచ్చి ఆగిన ఒక వన్నె. నాలుగు వందల ఏళ్ల ఎండ ఆ సున్నంలోకి ఇంకి, మెత్తబడి, మన కళ్లలోకి తిరిగి వస్తోంది!

లోపల అడుగుపెట్టగానే ఒళ్లు తేలికవుతుంది. ఈ మహలులో కప్పుకు కలప వాడలేదు. వాసం లేదు, దూలం లేదు. లావుపాటి స్తంభాలు, వాటినుంచి లేచి ఒకదాన్నొకటి అందుకునే కమానులు, ఆ కమానుల మీద సున్నపు కప్పు. అంతే. అంత బరువు మోస్తున్నట్టు మాత్రం ఎక్కడా కనిపించదు. పై అంతస్తులో దర్బారు. కప్పు ఎత్తుకు లేచిపోయి, నడుమ విశాలం, చుట్టూ కమానుల కొలువు. బయట నిప్పులు చెరిగే ఎండ ఆ కమానుల్లోంచి దూరి, నేల మీదికి వచ్చేసరికి సాధువైపోతుంది. కొండగాలి ఒక పక్కన ప్రవేశించి మరో పక్కన సెలవు తీసుకుంటుంది. పుస్తకాల్లో ఎన్నో దర్బారుల వర్ణనలు చదివాం. ఇంత నిశ్చింతగా ఊపిరి తీసుకునే దర్బారు మరొకటి ఉందా!

1565లో విజయనగరం కూలిన తర్వాత తెలుగు నేల మీద మిగిలిన రాయల వైభవం ముందు పెనుగొండలో, తర్వాత ఇక్కడ తలదాచుకుంది. 1586 నుంచి 1614 దాకా ఏలిన వేంకటపతిరాయలు ఈ ఊరిని రాజధాని చేసుకున్నాడు. ఆ కొలువుకు 1598 ప్రాంతంలో జెసూట్ పాదరీలు వచ్చారు. వాళ్ల చిత్రలేఖనమంటే రాయలకు మక్కువ. అప్పట్లో పోర్చుగల్ కూడా స్పెయిన్ రాజు ఏలుబడిలోనే ఉండేది కనుక, ఆ రాజు మూడో ఫిలిప్ నుంచి మన రాయలకు ఉత్తరాలు వచ్చాయి. ఆ సంబంధాలన్నీ తవ్వి తీసి 1927లో ఈ రాయల ఆరవీటి వంశ చరిత్ర అచ్చువేసిన హేరాస్ పాదరీ కూడా స్పెయిన్ వాడే.

ఆ ఫిలిప్ తండ్రి రెండో ఫిలిప్ మాడ్రిడ్ దిగువన అరన్హ్వేజ్ అనే ఊళ్లో వసంతకాలపు మహలు తలపెట్టాడు. తాహో నదికి అడ్డుకట్టలు వేసి, కాలువలు తీసి, నదీపాయల నడుమ దీవిలో తోట పెంచారు. ఆ ఊరి తోటలూ కాలువలూ కలిసిన నేలతీరును 2001లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. బందరు కాలువ, ఏలూరు కాలువ చూస్తూ పెరిగిన మనకు ఆ నీళ్ల పొగరు తెలియనిది కాదు. అయినా నా ఓటు చంద్రగిరికే. అక్కడ రాజు చల్లదనాన్ని నదినడిగి, చెట్లనడిగి తెచ్చుకున్నాడు. ఇక్కడి శిల్పి దాన్ని గోడ మందంలోనే, కమాను వంపులోనే పుట్టించాడు. ఇక్కడి స్వర్ణముఖి నది వేసవిలో ఇసుకమేట. ఆ ఇసుక సాక్షిగా ఇంత చలువ సాధించడం ఎంత నేర్పు! ఎంత ఓర్పు!

పక్కన రాణిమహల్ ఉంది. రెండంతస్తుల కట్టడం. పేరులోని మురిపెం కట్టడంలో అంతగా లేదు. అక్కడ ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. రాజమహల్ లోపలి మ్యూజియంలో కంచు విగ్రహాల ముందు మాత్రం ఆగండి. దేవతల నడుముల ఒంపుకూ గోడలోని కమాను ఒంపుకూ ఉన్న చుట్టరికం అక్కడే కనిపిస్తుంది. ముందున్న పచ్చిక మనకాలం వాళ్లు పెంచింది. రాయలనాటి తోట ఆనవాలు అందులో వెతకవద్దు. కానీ కనుచూపు వెనక్కి జరిగి మహలును నిండుగా అందుకోవడానికి ఆ పచ్చిక ఇచ్చే జాగా అమూల్యం. పురావస్తుశాఖ వారు దాన్ని పచ్చగా ఉంచుతున్నందుకు దండం పెట్టవచ్చు.

పొద్దు వాలే వేళ మళ్లీ బయటికి రండి. కొండ బండలు ముందు కుంకుమ రంగు తిరుగుతాయి, తర్వాత శిఖరాలు, చివరికి కింది కమానుల అంచులు. చిలకలు గోల గోలగా గూళ్లకు చేరుతుంటాయి. మహలు ఒక్క క్షణం దీపం వెలిగించినట్టు నిలుస్తుంది. ఆహా, ఆ ఒక్క క్షణం కోసం బెజవాడనుంచి రాత్రంతా రైల్లో కూర్చున్నా ఎక్కువ కాదు!

కాబట్టి ఈసారి తిరుమల వెళ్లేటప్పుడు తిరుగు ప్రయాణం టికెట్ మర్నాటికి తీసుకోండి. పిల్లల్ని వెంట తీసుకెళ్లండి, పెద్దవాళ్లకు మెట్ల దగ్గర చెయ్యి అందించండి. మధ్యాహ్నం వెళ్లి, మూసేవేళ దాకా ఉండండి. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, మ్యూజియానికి ఆ రోజు సెలవు.