బొగ్గుకు దొరికిన ప్రాస

కాసిపేటలో నిలబడి 'గ్గ' అనే ఒక్క అక్షరం పట్టుకుని చుట్టూ చూడండి. నేల కింద బొగ్గు. రాజేస్తే అగ్గి. ఏళ్లు గడిచాక బాయి మనిషిని పట్టుకునే దగ్గు. వాకిట్లో ముగ్గు, బిడ్డకు లగ్గం, పెళ్లిపిల్ల బుగ్గన చుక్క. బొగ్గుబాయి బతుకులో సగం ఈ ప్రాసలో ఒదిగిపోతుంది. ఇంత సరుకు చేతిలో ఉండగా నవ్వించే పద్యానికి కరువేమిటనిపించి ఒక కందం అల్లాను.

దిగ్గున లేచితి కూతకు
బొగ్గుల బాయికని టోపి బూట్లు దొడిగితిన్
తగ్గని తొందర నురికితి
సిగ్గె మిగిలె గేటు కడను, సెలవట తమ్మీ!

కాసిపేట ఒకటి, రెండు గనుల దారిలో నడిచినవాళ్లకు దీన్ని విప్పి చెప్పనక్కర్లేదు. ఆదివారం ప్లే డే. పాపం, ఆ మనిషి వారం మరిచిపోయాడు. మొదటి పాదంలో కూత అనగానే మీ చెవిలో సైరన్ మోగి ఉంటుంది. నేను సైరన్ అనలేదు. కూసింది కోడి. చివరి పాదం విన్నాక వెనక్కి వెళ్లి ఆ మాటను మళ్లీ వింటారు. నవ్వు అక్కడ రెండోసారి వస్తుంది.

ఈ చిన్న మోసం చేయడానికి కందం అంత అనువైన ఛందస్సు మరొకటి లేదని నా నమ్మకం. అందులో ప్రాస తప్పనిసరి. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంగా అదే హల్లు రావాలి. అచ్చు మారవచ్చు, అంటే గ్గు, గ్గి, గ్గె ఏదైనా చెల్లుతుంది. మొదటి పాదం గురువుతో మొదలైతే తక్కిన మూడూ గురువుతోనే మొదలవ్వాలి. రెండు, నాలుగు పాదాల్లో యతి కుదరాలి. పైన 'బొ'కు 'బూ', 'సి'కి 'సె' అలా జత కూడినవే. 'తగ్గని తొందర'లో తకారం మళ్లీ రావడం మాత్రం నియమం కాదు, అడుగుల చప్పుడు కోసం నేను వేసుకున్నది.

ఇన్ని కట్టుబాట్లు చూసి వినేవాడు ఈ కవి ఎటూ తప్పించుకోలేడని ధీమాగా ఉంటాడు. మూడు పాదాలు దాటేసరికి అతని చెవి నాలుగో 'గ్గ' కోసం కాచుకుని ఉంటుంది. బాయి, టోపి, ఉరుకు విన్నాక అగ్గో, దగ్గో, ఏదో ఆపద వస్తుందనుకుంటాడు. 'సిగ్గు' వస్తుంది. ప్రాస మాట నిలబెట్టుకుంది, అర్థం మాట తప్పింది. ఆ సందులోంచే నవ్వు పుడుతుంది. ఇదే సంగతి వచనంలో చెప్పి చూడండి, ఒకడు సెలవునాడు పనికి వెళ్లాడన్న కబురే మిగులుతుంది.

ఈ పని మనవాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నారు. బడిపిల్లలకు నీతి చెప్పిన సుమతీ శతకమూ కందమే, మొహమాటం లేని మోటు హాస్యానికి పేరుపడ్డ కవిచౌడప్ప శతకమూ కందమే. గంభీరమైన మాటకు అలవాటు పడ్డ నడకలో చిల్లర సంగతి వస్తే ఆ పొంతన లేకపోవడమే సగం హాస్యం. మహాప్రస్థానం రాసిన శ్రీశ్రీ కూడా సిరిసిరిమువ్వ కోసం కందాన్నే ఎంచుకున్నాడు. పాత ఛందస్సుల సంకెళ్లు వదిలించుకున్న కవి, ఆడుకోవాలనిపించినప్పుడు వాటినే వెతుక్కుంటూ వచ్చాడు. సిరిసిరిమువ్వ, ప్రాసక్రీడలు, లిమరిక్కులు మూడింటి మొదటి అక్షరాలు కూర్చి పుస్తకానికి సిప్రాలి అని పేరు పెట్టాడు. లిమరిక్కు ఇంగ్లిషువాళ్లది. 1846లో ఎడ్వర్డ్ లియర్ పుస్తకంతో అక్కడ ఇంటింటికీ చేరింది. లియర్ చాలాసార్లు మొదటి పాదం చివరి మాటనే ఆఖరున మళ్లీ తెచ్చి ఆగేవాడు. మన చెవికి అది చప్పగా ఉంటుంది. ఆఖరి పాదం తిరగబడాలని మనం కోరుకుంటాం.

జరుక్ శాస్త్రిగా పేరొందిన జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి (1914–1968) వేరే దారి పట్టాడు. ఆయన పేరడీలకు ఎర మన జ్ఞాపకమే. తెలిసిన కవిత గొంతు వినిపిస్తుంది, తెలిసిన మాట వస్తుందనుకున్న చోట ఇంకేదో వస్తుంది. మూలం చదవనివారికి ఆ నవ్వు అందదు.

అవధానంలో సమస్యాపూరణం ఈ విద్యకు తలకిందుల రూపం. అక్కడ విపరీతమైన ఆఖరి పాదాన్ని పృచ్ఛకుడే ముందు చెప్పేస్తాడు. అసంభవమో, అసభ్యమో అనిపించే ఆ మాటకు అవధాని మూడు పాదాలు ముందు చేర్చి నిక్షేపమైన అర్థం తెస్తాడు. ఒక్కోసారి పదాన్ని వేరేచోట విరిస్తే చాలు, సభ ఘొల్లుమంటుంది. ఇలా అప్పటికప్పుడు పుట్టి నోళ్లలో తిరిగిన చాటువులను వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్యమణిమంజరిగా కూర్చకపోయి ఉంటే ఎన్ని మనకు మిగిలేవో!

ఇప్పుడు హాస్యకవిత పేరుతో వస్తున్నవాటిలో పాదాల చివర ఒకే మోత తప్ప పట్టు కనిపించడం లేదు. చివర మోగే ప్రాస, రాబోయే మాటను ముందే చెప్పేస్తుంది. మొదట్లోనే దాక్కునే ప్రాస నమ్మిస్తుంది, ఆ తర్వాత పాదం ఎటు తిరిగేదీ చెప్పదు. నవ్వించాలనుకునే కుర్ర కవులు ముందుగా ఈ తేడా పట్టుకోవాలి.

వచ్చే ప్లే డే నాడు పిల్లల్ని కూర్చోబెట్టి 'గ్గ' మాటలు ఏరించండి. మగ్గం, మొగ్గ, నిగ్గు, పగ్గం, అగ్గువ ఇంకా మిగిలే ఉన్నాయి. మూడు పాదాలు మీరు కట్టండి. నాలుగోది వాళ్లకు వదిలేయండి.